బయటి బాట

చైత్ర బహుళ తదియ నాడు నాంచారికి అన్యాయం జరిగింది. రాచపాఠశాల మైదానంలో తాడు పట్టి, సున్నం పోసి, పిల్లల పరుగు పందేనికి గుండ్రంగా ఆరు బాటలు గీసేది ఆమే.

పందెం చూడ్డానికి రాణిగారితో వచ్చిన దండనాయకుడు వీరమల్లు, బయలుదేరే గీతలు చూసి మండిపడ్డాడు. అన్నిటికన్నా లోపలి బాటలో ఆయన మేనల్లుడు నిలబడ్డాడు. పక్క బాటవాడి గీత అంతకన్నా ముందుంది, వాడి పక్కవాడిది ఇంకా ముందుంది.

"ఏమే, లంచం తిన్నావా? అందరికీ ఒకటే గీత గియ్యి! లేదంటే ఈ పూటతో నీ కొలువు సరి!"

రాణిగారి ఎదుటే అన్నాడా మాట. ఇరవయ్యేళ్లుగా వెంట్రుకవాసి తేడా రాకుండా గీతలు గీసిన మనిషిని పట్టుకుని! నాంచారి తల దించలేదు. పాత గీతలు చెరిపేసి, ఆరు బాటలకూ అడ్డంగా ఒకటే గీత గీసింది. ఆ మేనల్లుణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి అన్నిటికన్నా బయటి బాటలో నిలబెట్టింది.

"వాణ్ణి అక్కడెందుకు పెట్టావే?"

"గీత ఒకటే కదా దొరా, ఏ బాటైతేనేం?"

"ఏ బాటైతేనేమా? వాడొక్కడే అంత చుట్టు తిరిగి రావాలా? బయటి బాట పొడుగు కాదుటే?"

"పొడుగే దొరా. ఎంత పొడుగో అంత ముందుకు జరిపి గీశాను. తమరే చెరిపించారు."

రాణిగారు పకపకా నవ్వారు. తాడు తెప్పించి, బాటలన్నీ దండనాయకుడి చేతే కొలిపించారు. పాఠశాల పుస్తకంలో ఆ రోజే రాయించారు: నాంచారి కొలతే ఖాయం, రెండు మూరల వెడల్పున్న ఒక్కో బాటకు ముందుకు జరపవలసింది పన్నెండున్నర మూరలు.