శనివారం కచేరి వార్త

ఎస్తేరు కోపంగా వచ్చింది.

గుంటూరులో ఫ్రాన్సిస్ మాస్టారి దగ్గర ఆమె పరిశోధన చేస్తోంది. ఒకప్పుడు షికాగోలో నల్లజాతి గాయకులు పాడిన క్లబ్బులు, డాన్సు హాళ్లు ఆమె తీసుకున్న విషయం. పెద్ద పేపర్లు ఆ పేటలవైపు చూస్తే పోలీసులు దాడి చేసినప్పుడే చూసేవి. మిగతాదంతా నల్లవాళ్లు తమకోసం నడుపుకున్న ఒక వారపత్రికలో ఒకాయన రాసిపెట్టాడు. ఆ పాత సంచికలు కంప్యూటర్లో చదివే ఆమె థీసిస్ సగం రాసింది.

"ఈయన ఉత్త అబద్ధాలకోరు సార్! లూసిల్ అనే అమ్మాయి పాడితే హాల్లో ఇసకేస్తే రాలనంత జనమని రాశాడు. తర్వాతి వారం సంచికలో చిన్న ముక్క ఉంది. మంచుకి రైలాగిపోయి ఆ అమ్మాయి అసలు ఊళ్లోకే రాలేదట. ఇక ఈయన రాసింది థీసిస్‌లో ఒక్క వాక్యం కూడా ఉంచను."

"తీసేస్తే ఏం మిగులుతుంది?"

"పోలీసు కేసులు," అంది ఎస్తేరు.

మాస్టారు ఆ సంగతి పొడిగించలేదు. ఆయన ఊళ్లోని దళిత పేటలకోసం చిన్న వారపత్రిక నడుపుతారు. అందులో సగం ఆయనే రాస్తారు, తిట్లన్నీ ఆయనే తింటారు.

"శనివారం మన పేట పిల్లలు టౌన్‌హాల్లో పాడుతున్నారుగా. ఆ వార్త నువ్వు రాసిపెట్టు. పత్రిక రేపే ప్రెస్సుకెళ్లాలి. జనం చదివేది ఆదివారం చర్చి అయ్యాక కాబట్టి, కచేరి అయిపోయినట్టే రాయమ్మా."

ఆ పిల్లలు టౌన్‌హాల్లో పాడటం అదే మొదటిసారి. ఎస్తేరు అక్కడే కూర్చుని రాసిచ్చింది. హాలు కిటకిటలాడిందని, నిలబడటానికి కూడా చోటు లేదని, ఇంకో పాట పాడమని జనం వదల్లేదని రాసింది.

శనివారం మధ్యాహ్నం మొదలైన వాన ఆగలేదు. కరెంటు పోయింది. వచ్చింది పిల్లల తల్లిదండ్రులే. మైకు లేకుండా రెండు పాటలు పాడి అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు.

ఆదివారం చర్చి బయట పత్రిక పంచారు. ముందురోజు ఆ ఖాళీ హాల్లో కూర్చున్న ఒక తల్లి ఎస్తేరు పేరుతో వచ్చిన ఆ వార్త రెండుసార్లు చదువుకుంది. "బాగా రాశావమ్మా," అని కాగితం మడిచి బైబిల్లో పెట్టుకుంది. ఎస్తేరు తలెత్తలేకపోయింది.

మర్నాడు పొద్దున్నే మాస్టారింటికి వెళ్లింది.

"సవరణ వెయ్యండి సార్."

"వేద్దాం, వచ్చే వారం. అబద్ధం రాయాలనే రాశావా?"

"లేదు సార్! ఆ పిల్లల పేర్లు ఇంకే పేపరు వేస్తుంది? హాలు నిండితే బాగుండునని..."



మాస్టారు ఆ షికాగో పాత సంచిక తెరిచి, కంప్యూటరు ఆమెవైపు తిప్పారు.

"ఇప్పుడు చదువు ఆయన్ని."