దీవెనమ్మ కోసం ఊదిన బూర

అనగనగా ఒక ఊళ్ళో, అంటే మన కాలవకి అవతలి పాలెంలో, దీవెనమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఇస్సాకు అని మొగుడు, లూదియ అని ఆరేళ్ళ కూతురు. కాళ్ళు లోపలికి పెట్టుకుని విను చిట్టీ, దుప్పటి లాగకు.

ఆ పాలెంలో అందరూ మంచివాళ్ళే. నిద్ర మాత్రం కొంచెం ఎక్కువ. ఈస్టరు రోజు చీకటుండగానే లేచి, కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల తోటకి పోవాలి. ఎవరి వాళ్ళ సమాధి దగ్గర వాళ్ళు నిలబడి, సూర్యుడు పైకి వచ్చే వేళకి ప్రభువు లేచాడని పాడాలి. అది ఆనవాయితీ. కానీ ఏ ఏడు చూసినా, వీళ్ళు పోయేసరికి సూర్యుడు ముందే వచ్చి కూర్చునేవాడు.

లేపే పని దీవెనమ్మది. ఎవరూ చెప్పలేదు, ఆవిడే నెత్తిన వేసుకుంది. లాంతరు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి తలుపులు కొట్టేది. మొదటిసారి కొడితే "ఆ, లేచాం" అనేవాళ్ళు. రెండోసారి కొడితే "ఇదిగో, వచ్చేస్తున్నాం" అనేవాళ్ళు. మూడోసారికి గడియ ఊడేది. అప్పుడు లేచేవాళ్ళు.

ఆవిడ నిద్ర మాత్రం భలే పల్చన. పక్కలో లూదియ ఇటునుంచి అటు తిరిగితే చాలు, కళ్ళు తెరిచేది. రోజూ రాత్రి పిల్ల తల నిమిరి, "పడుకో, పొద్దున్నే కలుద్దాం" అనేది.

ఒక ఏడు, ఈస్టరు ఇంకా మూడు వారాలుందనగా, దీవెనమ్మకి జ్వరం వచ్చింది. మూడు రోజులు ఉంది. మూడో రోజు సాయంత్రం ఆవిడ ఇస్సాకు చెయ్యి పట్టుకుని, "నా గురించి దిగులు పడకు. నేను నా ప్రభువు దగ్గరికే పోతున్నా" అంది. ఆ తర్వాత లూదియ తల నిమిరి, "పడుకో, పొద్దున్నే కలుద్దాం" అంది. తెల్లారేసరికి ఆవిడ లేదు.

మట్టి చేసేటప్పుడు పాస్టరు అయ్యగారు బైబిలు తెరిచి చదివారు. ప్రభువులో చనిపోయినవాళ్ళు నిద్రపోతున్నట్టేనట. కడబూర మోగుతుందట. అప్పుడు వాళ్ళందరూ లేస్తారట. అందరూ ఆమేన్ అన్నారు. సంఘపెద్ద తిమోతి అందరికంటే గట్టిగా అన్నాడు. ఆమేన్ అనడంలో ఆయన ఎప్పుడూ వెనకబడలేదు. పార పట్టమంటేనే నడుం పట్టేస్తుంది.

అంతమంది విన్నారు. విన్నది విన్నట్టు నమ్మింది లూదియ ఒక్కతే.

ఇస్సాకు ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఎవరు పలకరించినా పలకలేదు. సమాధుల తోట దిక్కు మళ్ళీ అడుగు పెట్టలేదు. అప్పుడు లూదియ ఆలోచించింది. 'నేను పక్కలో కదిలితేనే అమ్మ లేచేది కదా. బూర ఊదితే లేవదా? ఎవరో ఒకరు ఊదాలి కదా.' ఆ పాలెంలో ఎవరో ఒకరు చేస్తారని వదిలేసిన పని ఎప్పటికీ కాదని ఆరేళ్ళకే ఆ పిల్లకి తెలుసు.

అప్పుడు కొబ్బరాకుతో పీపీ చుట్టుకుని అమ్మ సమాధి దగ్గరికి పోయింది. "పీ" అని ఊదింది. మట్టికి చెవి ఆనించి విన్నది. అమ్మ లేవలేదు. ఒక దూడ వచ్చి పీపీని తినేసింది.

ఆ తర్వాత చేపలమ్మే అతని సైకిలుకుండే రబ్బరు హారను అడిగి తెచ్చుకుంది. "పాం పాం" అని నొక్కింది. మట్టికి చెవి ఆనించి విన్నది. అమ్మ లేవలేదు. రెండు పిల్లులొచ్చాయి. వాటి వెనకాల గిన్నె పట్టుకుని పక్కింటి రాహేలు వచ్చింది.

"చేపలేవే?" అంది రాహేలు.

"చేపలు కాదు పిన్నీ. అమ్మని లేపుతున్నా."

రాహేలు గిన్నె కొంగు కింద దాచుకుని, పిల్లుల్ని తోలుకుంటూ పోయింది. 

ఆ తర్వాత, ఈస్టరు ముందు రోజు, లూదియ జెకర్యా తాత ఇంటికి పోయింది. జెకర్యా పెళ్ళిళ్ళలో బ్యాండు మేళం వాయించేవాడు. ఈస్టరు ముందు నలభై రోజులూ శ్రమల దినాలు, పెళ్ళిళ్ళుండవు. అందుకని ఆయన ఇత్తడి బూరని పంచెలో చుట్టి దూలానికి వేలాడదీశాడు.

"తాతా, రేపు పొద్దున్నే మా అమ్మ దగ్గర బూర ఊదాలి" అంది లూదియ.

"పొద్దున్నే ఎందుకే? నాకు నడుం నొప్పి."

"యేసయ్య లేచింది ఆ టైముకే కదా."

జెకర్యా తలెత్తి దూలానికున్న బూర వైపు చూశాడు. కుదరదని చెప్పడానికి నోరు రాలేదు. నలభై ఏళ్ళు బూర ఊదిన నోరు.

"సరే. కోడి కూయగానే రా" అన్నాడు.

ఆ రాత్రి పాలెంలో అందరూ ఒకరినొకరు అడిగారు, ఈ ఏడు ఎవరు లేపుతారని. ఎవరో ఒకరు లేపుతార్లే అని అందరూ హాయిగా పడుకున్నారు.

తెల్లవారుజామున కోడి కూసింది. అమ్మ లాంతరు వెలిగించుకుని లూదియ పోయి తాతని పిలుచుకొచ్చింది. జెకర్యా సమాధి దగ్గర నిలబడి, నలభై రోజుల గాలీ గుండెల్లో దాచిపెట్టుకున్నట్టు, బూర ఊదాడు. మంచులో ఆ మోత కాలవ దాటి ఇవతల మా ఇళ్ళ దాకా వచ్చింది.

అప్పుడు చూడాలి పాలెం. కడబూర మోగింది, ప్రభువు వచ్చేశాడు అనుకున్నారు.

తిమోతి లుంగీ పైకి కట్టి దొడ్లోకి పరుగెత్తాడు. పక్కవాళ్ళ స్థలంలోకి జానెడు జరిపి వేసుకున్న దడి ఉంది కదా, ఆ రాటలు పీకడం మొదలుపెట్టాడు. నడుం నొప్పి ఏమైందో ఎవరూ అడగలేదు. మార్తమ్మ అట్లపెనం నెత్తిన పెట్టుకుని రాహేలు గుమ్మంలోకి వచ్చింది. "ఇదిగో నీ పెనం, రెండు క్రిస్మస్‌లయింది, ఇంద, తీసుకో, నా మీద చెప్పకు" అంది. అయ్యగారు కళ్ళజోడు కోసం, ఆ రోజు ప్రసంగం రాసుకున్న కాగితాల కోసం వెతికారు. ప్రభువు వచ్చేశాక ప్రసంగం ఎవరికి చెబుతారో పాపం.

నేనా? నేను ముందే మెలకువగా ఉన్నాను. చేతిలో తోడికోడలి మిఠాయి డబ్బా ఎందుకుందంటావా, అది వేరే కథ.

ఇస్సాకు కూడా లేచాడు. పక్కలో పిల్ల లేదు. లాంతరు లేదు. అప్పుడు ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా, మూడు వారాలుగా తొక్కని దారిలో పరుగెత్తాడు.

వెళ్ళి చూస్తే లూదియ మట్టికి చెవి ఆనించి పడుకుని ఉంది. జెకర్యా బూర చంకలో పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"అమ్మ లేవలేదు నాన్నా" అంది లూదియ. అప్పుడు ఏడ్చింది. అమ్మ పోయాక ఆ పిల్ల ఏడవడం అదే మొదలు.

"నాది పెళ్ళి బూర తల్లీ" అన్నాడు జెకర్యా. "దీనికి బతికున్నవాళ్ళే లేస్తారు. అదీ భోజనాల దగ్గరికి."

ఇస్సాకు మట్టిలో కూర్చుని పిల్లని ఒళ్ళోకి తీసుకున్నాడు. చాలా రోజుల తర్వాత నోరు విప్పాడు.

"మీ అమ్మ ఊరందరినీ లేపి లేపి అలిసిపోయిందమ్మా. ఆమెని లేపే పని మనది కాదు. యేసయ్యది. ఆయన మీ అమ్మలాగా మూడుసార్లు తిరగక్కర్లేదు. ఒక్కసారి పిలుస్తాడు. లేస్తుంది."

"ఎప్పుడు?"

"అది నాకు చెప్పలేదు."

"అప్పటిదాకా అమ్మకి బెంగ ఉండదా?"

"నువ్వు నిద్రపోతే రాత్రి ఎంతసేపుందో నీకు తెలుస్తుందా?"

"తెలీదు. కళ్ళు మూసుకుంటా. తెల్లారిపోద్ది."

"ఆమెకీ అంతే. ప్రభువు దగ్గర ఉంది, బెంగేం ఉండదు. కాచుకోవడమల్లా మనకే" అని ఇస్సాకు కూడా ఏడ్చాడు.

లూదియ ఒళ్ళోంచి దిగింది. మట్టి మీద చెయ్యి పెట్టి, తల నిమిరినట్టు నిమిరింది. "పడుకోమ్మా. పొద్దున్నే కలుద్దాం" అంది.

అప్పటికి పాలెమంతా అక్కడికి చేరింది. విషయం తెలిశాక ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. కొవ్వొత్తులు ఒక్కరూ తేలేదు. దీవెనమ్మ లాంతరు ఒక్కటే వెలుగుతోంది. ఎవరి వాళ్ళ దగ్గరికి వాళ్ళు పోయి నిలబడ్డారు. తిమోతి వాళ్ళమ్మ దగ్గర, రాహేలు పురిట్లో పోయిన బిడ్డ దగ్గర. ఇస్సాకు పాట ఎత్తుకున్నాడు. గొంతు బాగోదు. అయినా అందరూ కలిశారు.

అప్పుడు సూర్యుడు వచ్చాడు. వచ్చేసరికి పాలెమంతా ముందే నిలబడి ఉంది. కంగారు పడి ఉంటాడు పాపం.

తిమోతి మర్నాడు దడి మళ్ళీ వేసుకున్నాడు, కాకపోతే ఒక బెత్తెడు ఇవతలికి. ఆ తర్వాత ఏడు నుంచి ఈస్టరుకి లేపే పని లూదియది. లాంతరు ఇస్సాకు పట్టుకుంటాడు, తలుపులు పిల్ల కొడుతుంది. మొదటిసారికే లేస్తున్నారు. ఈసారి నిజం బూరేమోనని ఎవరి భయం వాళ్ళది.

ఏంటీ? దీవెనమ్మ ఇంకా లేవలేదా అనా?

ఇంకా తెల్లారలేదమ్మా. తెల్లారుతుంది.

కథ పోయె కంచికి,
కునుకొచ్చె కంటికి,
పిలుపొచ్చే పొద్దుకి
పోదాము ఇంటికి.