గుంటల రేకు

రహంతుల్లాకు ఏడుపు రావడం మానేసింది.

బయటివాళ్లకు ఇదేమంత బాధగా తోచదు. కానీ ఎర్రమల కొండల అంచున, యాకూబ్ షా సాహెబ్ ఉండే ఖాన్‌కాకు, ఆ ఫకీర్ల మఠానికి, అతను వచ్చిందే ఆ ఏడుపు కోసం. వచ్చిన కొత్తల్లో అల్లా పేరు నాలుక మీదికి రాగానే గొంతు పూడుకుపోయేది. గడ్డం తడిసేది. ఆ తడి కోసమే బట్టల కొట్టు తమ్ముడికి వదిలేసి ఫకీర్ల మధ్యకు వచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు తస్బీ పూసలు వేళ్ల మధ్య నడుస్తాయి, పెదవులు కదులుతాయి, లోపల మాత్రం ఏమీ కదలదు. సజ్దాలో నుదురు నేలకు ఆనిస్తే చాప గరుకు తప్ప ఇంకేమీ తెలియడం లేదు.

కొండకు అవతలి పక్క ఒక బాబా వెలిశాడని ఆ మధ్య అందరూ చెప్పుకుంటున్నారు. నీళ్లు పోసి దీపం వెలిగిస్తాడట. ఉత్త చేతులు చాపితే అత్తరు వాసన వస్తుందట. చూసినవాళ్లు నిలువునా వణికిపోయారట.

ఆ వణుకు కావాలి రహంతుల్లాకు.

ఒకనాడు తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే అతను గురువు ముందు మోకరిల్లాడు.

"హజ్రత్, నాకు సెలవివ్వండి. ఒకసారి కొండ దాటి వెళ్లొస్తాను."

యాకూబ్ షా సాహెబ్ అప్పుడు ఉల్లిపాయలు తరుగుతున్నాడు. సన్నటి మనిషి. నవ్వితే కళ్లు మూసుకుపోతాయి. ఎందుకని అడగలేదు.

"వెళ్దువుగాని బేటా. ఈ పూట రేకు నువ్వు చూసుకో. నా భుజం పట్టేసింది."

రేకు అంటే గుంటల రేకు. పట్నంలో బేకరీ నడిపే ఒక భక్తుడు ఇచ్చిపోయాడు. కప్పుకేకులు పోసే గుంటలు వరసగా ఉంటాయి. ఆ భక్తుడు కేకుల కోసమే ఇచ్చాడుగానీ సాహెబ్ దాన్ని గుడ్లకు పెట్టాడు. ఎండ ఎక్కకముందే బండల క్వారీకి పోయే కూలీలు ఆ దారినే నడుస్తారు. ఇళ్లల్లో ఆ వేళకు పొయ్యి రాజేసే తీరిక ఎవరికీ ఉండదు. ఇక్కడైతే గుంటకొక గుడ్డు కొట్టి, ఉప్పు, మిరియాల పొడి, ఇన్ని ఉల్లిపాయ ముక్కలు చల్లి మట్టిపొయ్యిలోకి తోస్తే ఒక్క మంట మీద అన్నీ ఒకేసారి ఉడుకుతాయి. రాత్రి కాల్చిన జొన్న రొట్టెలో ఒక్కొక్కటి మడిచి చేతికిస్తే, తింటూ నడిచేవాళ్లు కొందరు, కొంగున కట్టుకునేవాళ్లు కొందరు.

రహంతుల్లాకు ఆ పని చిన్నతనమేం కాదు. ఎన్నోసార్లు చేశాడు. అయినా ఆవేళ మనసులో, "దేవుణ్ని అడిగితే గుడ్లు కొట్టమన్నాడు" అనుకోకుండా ఉండలేకపోయాడు.

గుంటలకు నూనె రాస్తుండగా ముంగిట్లో మనుషుల అలికిడైంది.

వచ్చినావిడ పేరు నాగసుబ్బమ్మ. క్వారీ కింది పల్లె. తమ్ముణ్ని చేయి పట్టుకుని నడిపించుకొచ్చింది, చూపు లేనివాణ్ని తెచ్చినట్టు. ఆ తమ్ముడు ఓబులేసు పొడుగాటి మనిషి. బండలు మోసిన భుజాలు. బుగ్గలు మాత్రం లోపలికి పోయి ఉన్నాయి. కూర్చోమంటే కూర్చున్నాడు. ఎటు తిప్పితే అటు చూస్తున్నాడు.

"సామీ, నువ్వే దిక్కు," అంది నాగసుబ్బమ్మ. "వీడూ వీని కొడుకూ ఒకే క్వారీలో పని. పైనున్న బండ జారె. పిల్లోడు అడుగున పడిపాయ. మిషను తెచ్చి బండ ఎత్తేదాకా వీడు ఆన్నే కుచ్చోని చూస్తానే ఉండె. అప్పట్నుంచీ మాట ల్యా. కూడు ల్యా. గంజి తాపినా మూతి తిప్పుకుంటాడు. ఏడ్సనన్నా ఏడ్సడు సామీ. నువ్వేమన్నా ఊది, ఒక తాయెత్తు కడితే..."

ఏడవడన్న మాట దగ్గరే రహంతుల్లా చేయి ఆగింది. ఏడవలేనివాడు లోకంలో తనొక్కడే అనుకున్నాడు ఇంతకాలం.

గురువు వైపు చూశాడు. ఇప్పుడైనా ఏదైనా చేస్తాడు, తనకు తెలియని మాటేదో పలుకుతాడు, ఆ మనిషి తల మీద చేయి పెడతాడని ఎదురుచూశాడు.

సాహెబ్ అడిగింది ఒక్కటే. "గుడ్డు తింటాడా తల్లీ?"

"బాగున్నప్పుడు తినేవాడు సామీ."

"అయితే పొయ్యి దగ్గర కూర్చోబెట్టు. వెచ్చగా ఉంటుంది."

అంతే. రహంతుల్లాకు చిన్నపాటి కోపం వచ్చింది. గుడ్లు గబగబా కొట్టేశాడు, ఉల్లిపాయ చల్లాడు. పొయ్యికి తలుపు లేదు. నిప్పులు వెనక్కి నెట్టి ముందు భాగంలో రేకు పెడతారు. పెట్టి లేవబోతుంటే సాహెబ్ అతని భుజం మీద చేయి వేసి మళ్లీ కూర్చోబెట్టాడు.

"నాకొకటి చెప్పు బేటా. చాలా రోజులుగా అడుగుదామనుకుంటున్నా. ఇప్పుడది నీళ్లలా ఉంది కదా. కాసేపటికి ఆహారమవుతుంది. ఆ అయ్యే ఘడియ ఏది? ఒక్క గుంటనే చూడు. చూపు తిప్పకు."

ఓబులేసు పక్కనే ఉన్నాడు. అతని ముఖమూ పొయ్యి వైపే ఉంది.

రహంతుల్లా ముందున్న గుంటను చూశాడు. తెల్లసొన ఎంత తేటగా ఉందంటే దాని కిందున్న రేకు గీతలు కూడా కనిపిస్తున్నాయి. నడుమ పచ్చసొన, నిప్పుల వెలుగు పడి మెరుస్తోంది. ఏమీ జరగడం లేదు. అతని మోకాళ్లు నొప్పి పుట్టాయి. కొండ అవతలి బాబా గుర్తొచ్చాడు. మనసును వెనక్కి లాక్కొచ్చాడు.

అంచున, రేకుకు తగిలేచోట, ఒక తెల్లటి దారం ఉంది.

ఎప్పుడొచ్చింది? చూస్తూనే ఉన్నాడు కదా.

ఈసారి రెప్ప వేయలేదు. దారం వెడల్పయింది. చలిలో అద్దం మీద ఊపిరి పడ్డట్టు ఆ తెలుపు లోపలికి పాకుతోంది. పాకడం మాత్రం కనిపించదు. ఇందాక ఇక్కడిదాకా లేదు, ఇప్పుడుంది. రేకు గీతలు ఒక్కొక్కటే మరుగున పడ్డాయి. ఇందాకటి నీరు ఎటూ పోలేదు. పైనుంచి ఎవరూ ఏదీ తెచ్చి పోయలేదు. అదే ఇది. అయినా అది కాదు. పచ్చసొన మీద పల్చటి ముసుగు కమ్మింది, లోపల దీపం పెట్టి తెర వేసినట్టు.

రహంతుల్లా వీపు మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. తను రోజూ వీపు తిప్పి ఉల్లిపాయలు తరుగుతున్నప్పుడు, రొట్టెలు లెక్కపెడుతున్నప్పుడు, ఇది ఇక్కడ జరుగుతూనే ఉందన్నమాట. ఎవరూ చూడకపోయినా. ఎవరూ అడగకపోయినా.

అప్పుడు గుంటలో గుడ్డు కదిలింది.

మెల్లగా, నిద్రలో ఉన్నవాడి రొమ్ములా, పైకి పొంగింది. పక్క గుంటలోదీ పొంగింది. వెనకవీ పొంగాయి. రేకు మొత్తం ఒక్క ఊపిరి తీసుకున్నట్టు, గుంటల అంచులు దాటి అన్నీ లేచాయి.

"లేస్తాంది."

ఆ గొంతు ఎవరిదో రహంతుల్లాకు తెలియలేదు. తుప్పుపట్టిన గొంతు. ఓబులేసు ముందుకు వంగి ఉన్నాడు. చేయి పొయ్యి వైపు చాచి ఉంది.

"అక్కా, లేస్తాంది సూడు."

నాగసుబ్బమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

సాహెబ్ గుడ్డ పట్టుకుని రేకు బయటికి లాగి నేల మీద పెట్టాడు. బయటి గాలి తగలగానే పొంగినవన్నీ చిన్నగా నిట్టూర్చి, నడుమ ముడత పడి, మళ్లీ గుంటల్లోకి కుంగాయి. ఓబులేసు కళ్లు వాటితోపాటే కిందికి దిగాయి.

"అణిగిపాయ," అన్నాడు.

"అవును నాయనా."

"మావోడు లేస్తాడనుకుంటి. బండ ఎత్తినంక. లేస్తాడనే సూస్తాంటి."

సాహెబ్ వచ్చి అతని పక్కనే నేల మీద కూర్చున్నాడు, భుజానికి భుజం తగిలేలా. ఓబులేసు ఏడవడం మొదలుపెట్టాడు. మొదట శబ్దం లేదు. తర్వాత వచ్చిన శబ్దం వినలేక పంచలో పావురాలు లేచిపోయాయి. నాగసుబ్బమ్మ తమ్ముడి తలను పొట్టకు అదుముకుని నిలబడింది. ఎవరూ ఊరుకోమనలేదు.

ఆ ఏడుపు తనంతట తానే సన్నబడ్డాక సాహెబ్ చెంచాతో గుంట చుట్టూ గీసి ఒక గుడ్డును ఊడదీశాడు. రొట్టె ముక్కలో పెట్టాడు. దాన్ని పెదాల దగ్గరికి తెచ్చుకుని, కళ్లు మూసుకుని, నెమ్మదిగా ఊదాడు. మళ్లీ ఊదాడు.

నాగసుబ్బమ్మ రెండు చేతులూ జోడించింది. రహంతుల్లా ఏ ఆయతు చదివి ఊదాడో వినాలని చెవి దగ్గరగా పెట్టాడు.

"ఏం మంత్రం సామీ అది?" అంది ఆవిడ లోగొంతుకతో.

"వేడిగా ఉందమ్మా," అన్నాడు సాహెబ్. "నోరు కాలుతుంది."

ఓబులేసు తిన్నాడు. మొదటి ముద్ద చాలాసేపు నమిలాడు, నమలడం మరిచిపోయినవాడిలా. రెండోది తనే చేయి చాచి తీసుకున్నాడు. అక్క చూస్తుంటే, ఉప్పు తక్కువైందన్నాడు. ఆవిడ ఏడుస్తూనే నవ్వేసింది, పరుగున వెళ్లి ఉప్పు తెచ్చింది.

వాళ్లు వెళ్లిపోయేటప్పుడు ఎండ ఇంకా కొండ దిగలేదు. తమ్ముడి చేయి ఆవిడ పట్టుకోలేదు. సాహెబ్ కట్టిచ్చిన రొట్టెల మూట అతనే మోశాడు.

రహంతుల్లా పొయ్యి దగ్గరనుంచి కదల్లేదు. గడ్డం తడిగా ఉందని చాలాసేపటికిగానీ తెలియలేదు. తుడుచుకోబుద్ధి కాలేదు.

"హజ్రత్," అన్నాడు. "మీరు చూడమన్నది చూడలేకపోయాను. రెప్ప వేయలేదు. చూపు తిప్పలేదు. అయినా ఆ ఘడియ నాకు దొరకలేదు."

యాకూబ్ షా సాహెబ్ భుజం నిమురుకుంటూ నవ్వాడు. కళ్లు మూసుకుపోయాయి.

"నాకూ ఎన్నడూ దొరకలేదు బేటా. నా గురువుకూ దొరకలేదట."

దారి మీద కూలీల మాటలు వినిపిస్తున్నాయి. ఎవరో దగ్గుతున్నారు, ఎవరో ఆడమనిషి నవ్వుతోంది. రహంతుల్లా లేచి చేతులు కడుక్కున్నాడు. గుంటలకు మళ్లీ నూనె రాశాడు. బుట్టలోంచి ఒక గుడ్డు తీశాడు.

పగలగొట్టేముందు, దాన్ని రెండు చేతుల్లోనూ పట్టుకున్నాడు.