వరసలో చివరివాడు

మా జిల్లాలో పక్షులను చూపించడంలో నన్ను మించినవాడు లేడు. జిల్లా అంటే మా కొక్కెరలగుంట అభయారణ్యమే అనుకోండి. అక్కడ గైడ్లం ఇద్దరం, రెండోవాడికి ఆ నెలంతా జ్వరం. మా ఇద్దరికీ పని నేర్పిన పోలయ్యగారిని లెక్కలోకి తీసుకోలేదు. తీసుకుంటే ఈ మొదటి వాక్యం నిలవదు.

పోలయ్యగారికి రెండు అలవాట్లు. ఏ నడకలోనైనా అందరికన్నా వెనక నడుస్తారు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, పని చెబుతారు. అది తెలిసి కూడా ఒక ఆదివారం, రెండు నడకలు ముగించి, బూట్లు విప్పి, వాచిన పాదాలు బకెట్ నీళ్లలో పెట్టుకుని ఆయన్ను అడిగాను.

"పెద్దాయనా, వీళ్లెవరూ చూడరు. కొంగను చూపిస్తే దానికి వీపు తిప్పి ఫొటో దిగుతారు. బాతును చూపిస్తే కూర బాగుంటుందా అంటారు. చూడనివాళ్లకు చూపించడం దేనికి? రేపటినుంచి నేను రాను."

ఆయన నా బూట్లు నా వైపు జరిపారు. "మూడో బస్సు వచ్చింది అబ్బయ్యా. దుర్భిణి ఎత్తుకో."

ఆ బస్సులో డ్రైవర్ కాక ఇరవై ఆరుగురు. డ్రైవర్ మస్తాన్ భాయ్ ఏడేళ్లుగా మా గేటుదాకా జనాన్ని తెచ్చి, బస్సు నీడలో తువ్వాలు పరుచుకుని నిద్రపోయే మనిషి. ఆ రోజు మాత్రం లోపలికి వచ్చాడు.

"రేపటినుంచి కంకర లారీ తోలాల తమ్ముడూ. ఏం చూశావని ఇంట్లో మా బీబీ ప్రతి ఆదివారం అడుగుతాది. ఏడేళ్లుగా నోటికొచ్చింది చెప్తా ఉండా. ఒక్కటన్నా నిజంగా చూసి పోవాల" అంటూ వరస చివర, పోలయ్యగారి పక్కన నిలబడ్డాడు.

గట్టు అవతల ముసలి వేప తొర్రలో పైడికంటె ఉంటుంది. పిడికెడంత గుడ్లగూబ, ఒళ్లంతా బెరడు రంగు. మూడుకాళ్ల స్టాండు మీద దుర్భిణి బిగించి, తొర్రకు గురిపెట్టి, జనాన్ని వరసలో నిలిపి, నేను ఒక రాయి మీద కూలబడ్డాను. మొదట బట్టల షాపాయన చూశాడు. పక్కకు తప్పుకుంటున్నప్పుడు ఆయన భుజానున్న సంచి తగిలి గొట్టం రవ్వంత కిందికి వంగింది. ఇది తర్వాత తెలిసిన సంగతి.

వరస కదిలింది. "ఏం కళ్లండీ!" అన్నారొకరు. "నా వైపే చూసింది" అన్నారింకొకరు. ఒకాయన భార్యను "కనపడిందా?" అని అడిగితే, "మీకు కనపడింది నాకు కనపడదా?" అందావిడ. అచ్చం మా బావగారే అని ఇంకొకాయన ముచ్చటపడ్డాడు. మధ్యలో నేనొకసారి లేచి వెళ్లి, వచ్చి కూర్చున్నాను. ఆ సంగతి ఇప్పుడొద్దు.

చివరికి మస్తాన్ భాయ్ వంతు. కన్ను పెట్టాడు, ఎంతకూ తీయడే.

"డ్రైవరూ, పొద్దుపోతోంది!" అని కేకలు మొదలయ్యాయి.

"నాకు బెరడే కనపడతా ఉంది" అన్నాడు.

"చత్వారం భాయ్, అద్దాలు పెట్టించుకో" అన్నాడు బట్టల షాపాయన. అందరూ నవ్వారు.

మస్తాన్ భాయ్ కూడా నవ్వాడు. "చత్వారమే అయి ఉండొచ్చు సామీ. కానీ ఇంట్లో చెప్పిన అబద్ధాలే చానా ఉండాయి. ఇక్కడ కూడా ఒకటెందుకు? నాకు బెరడే."

పోలయ్యగారు ముందుకొచ్చి, వంగి చూసి, గొట్టాన్ని వేలితో రవ్వంత పైకి లేపారు. మస్తాన్ భాయ్ మళ్లీ కన్ను పెట్టాడు.

"ఇంతేనా?" అన్నాడు మెల్లగా. "ఇంత చిన్నదా? దున్నపోతంత పక్షులని చెప్పి ఉండానే. ఇప్పుడు దీన్ని మా బీబీ ఎట్టా నమ్ముతాది?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒకరి వెనక ఒకరు బస్సు వైపు నడిచారు. "నాకు కనపడదా" అన్నావిడ మాత్రం వెనక్కి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా దుర్భిణికి కన్ను ఆనించింది.

బస్సు వెళ్లాక, దుర్భిణిని భుజాన వేసుకుని స్టాండు మడుస్తూ, గెలిచినవాడిలా అన్నాను. "చూశారుగా. ఇరవై ఐదుగురు బెరడును చూసి గుడ్లగూబ అన్నారు. నేనన్నది నిజమా, కాదా?"

ఆయన ఊరుకున్నారు. ఆయన ఊరుకుంటే నా నోరు ఆగదు.

"పదో మనిషి తర్వాత నేనూ ఒకసారి కన్ను పెట్టాను పెద్దాయనా. బెరడే కనపడింది. సరిచేసే ఓపిక లేక, 'బ్రహ్మాండంగా ఉంది, రండి రండి' అన్నాను."

ఆయన దుర్భిణిని నా భుజం మీంచి తీసి తన భుజాన వేసుకున్నారు.

"అయితే రేపు వరసలో చివర నిలబడు అబ్బయ్యా."