వీర్రాజు విడిచిన పెంకు

టైలర్ సత్తిబాబు ఇంట్లో కుట్టుమిషను పక్కన ఒక గాజు తొట్టి ఉంది. అడుగున గులకరాళ్ళు, ఒక మూల బుడగలు వదిలే మోటారు, మధ్యలో ఒకే ఒక్క మట్టి గొట్టం. తొట్టిలో కాపురమున్న వాళ్ళకి లోకమంటే అదే. ఆ లోకంలో తలదాచుకునే చోటు ఆ గొట్టమొక్కటే. ఆ గొట్టం వీర్రాజుది.

వీర్రాజుని తోక వైపు నుంచి చూస్తే రొయ్య, డెక్కల వైపు నుంచి చూస్తే పీత. ఒళ్ళంతా నీలం పెంకు. అమ్మినవాడు క్రేఫిష్ అన్నాడు, సత్తిబాబు పీతరొయ్య అన్నాడు. తొట్టిలో మాత్రం అందరూ రాజుగారనే అనేవారు. అననివాళ్ళకి తోక మిగిలేది కాదు.

ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. పొద్దున్నే మేత పడగానే ప్రతి చేపా మొదటి గింజని నోట కరుచుకొచ్చి, గొట్టం ముందు పెట్టి, తల వంచి, వెనక్కి ఈదుకుంటూ పోవాలి. గప్పీ చేపలకి వెనక్కి ఈదడం సరిగ్గా రాదు. ఒకదాన్నొకటి గుద్దుకునేవి. అది చూడటం వీర్రాజుకి మేతకంటే రుచిగా ఉండేది.

ఒకనాడు ఆయనకి ఒళ్ళంతా బిగుసుకుపోయినట్టయింది. పెంకు విడిచే వేళయింది. ఆ జాతికి ఒళ్ళు పెరుగుతుంది గాని పెంకు పెరగదు. పాతది విప్పేసి, కొత్తది గట్టిపడేదాకా మైనం ముద్దలా పడి ఉండాలి. అప్పుడు గప్పీ పిల్లయినా కొరికి పోగలదు.

మధ్యాహ్నం ఇంట్లో వాళ్ళు కునుకు తీస్తుంటే, వీర్రాజు మోటారు చాటున వెల్లకిలా పడి, గింజుకుని గింజుకుని బయటపడ్డాడు. పక్కన పెంకు చెక్కుచెదరకుండా మిగిలింది. మీసాలు, కళ్ళ తొడుగులు, డెక్కలు, అన్నీ ఉన్నాయి. లోపల వీర్రాజు ఒక్కడే లేడు.

అద్దానికి అంటుకుని నాచు గీక్కుంటున్న నత్తమామ్మ అదంతా చూసింది. ఆ తొట్టిలో ఆయన్ని ఒరే అనగలిగింది ఆవిడొక్కతే.

"ఒరే వీర్రాజూ, చూస్తూ కూర్చోకు. ఆ పెంకు తినేసి గొట్టంలో దూరు. అది కడుపులో పడితేనే కొత్తది గట్టిపడుతుంది."

"తెలుసు మామ్మా. కానీ చూడు, ఎంత దర్జాగా ఉందో."

"దర్జా చూడకు, తిను."

"తింటే ఏముంది? నాలుగు రోజులు రాజుగారు కనబడలేదంటారు. ఆ బంగారు చేప కనకయ్య ఊరుకుంటాడా? దీన్ని గొట్టం ముందు కూర్చోబెట్టి నేను వెనక పడుకుంటాను. నేనున్నాననే అనుకుంటారు. గట్టిపడ్డాక తింటాలే."

"తింటేనే గట్టిపడతావురా అంటుంటే."

"నా పెంకు గురించి నాకు చెబుతావేంటి?" అని వీర్రాజు ఆ డొల్లని మెల్లగా నెట్టుకుంటూ పోయి, డెక్కలు పైకెత్తినట్టుగా గొట్టం ముందు నిలబెట్టాడు.

మర్నాడు మేత పడింది. గప్పీలు వరసగా వచ్చాయి, గింజలు పెట్టాయి, తల వంచాయి. ఆ కంగారులో ఒకటి డొల్ల మీసానికి తగిలి వణికిపోయింది.

"తప్పయిపోయింది రాజుగారూ."

డొల్ల ఏమీ అనలేదు.

"చూశావా, ఒక్క మాట కూడా అనలేదు," అంది ఆ గప్పీ పక్కదానితో. "ఎంత మారిపోయారు."

"పెద్దరికం వచ్చింది కదే," అంది పక్కది.

గొట్టంలో వీర్రాజు కులుకుతూ విన్నాడు. తనని ఇంతగా ఎవరూ మెచ్చుకోలేదు. పక్కకి దొర్లిన రెండు గింజలు లాక్కుని తిన్నాడు. ఒళ్ళు మాత్రం ఇంకా నానిన అప్పడంలాగే ఉంది.

రెండోరోజు బుడగల తోపుకి డొల్ల ఒక పక్కకి ఒరిగింది. బంగారు రంగులో బొద్దుగా ఉండే కనకయ్య అప్పుడే గింజ తెచ్చాడు. ఒరిగిన డొల్ల కింద నుంచి చూస్తే అవతలి వైపు గులకరాళ్ళు కనబడ్డాయి. కనకయ్య నోరు తెరిచి, మూసి, కాసేపు ఆలోచించాడు. మూతితో నెట్టి డొల్లని తిన్నగా నిలబెట్టాడు. ఆనక వెనక్కి తిరిగి గప్పీలతో అన్నాడు.

"రాజుగారికి గొంతు బాగోలేదట. ఏం కావాలన్నా నాకు చెప్పమన్నారు. గింజలు కూడా నా దగ్గరే పెట్టమన్నారు."

వీర్రాజుకి గొట్టంలో ఒళ్ళు మండిపోయింది. కానీ మెత్తని ఒళ్ళు ఎంత మండితే ఏం లాభం?

మూడోరోజుకి ఆకలి, నీరసం రెండూ ముదిరాయి. పెంకు తినకపోతే ఇక గట్టిపడనని వీర్రాజుకి తెలిసిపోయింది. గొట్టంలోంచి బయటికొచ్చి డొల్లని పట్టుకోబోయాడు. కనకయ్య అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరు నువ్వు? రాజుగారిని ముట్టుకుంటావేంటి?"

"నేనేరా రాజుగారిని."

గప్పీలన్నీ మూగాయి. అటు చూస్తే మెరిసే నీలం పెంకు, ఎత్తిన డెక్కలు. ఇటు చూస్తే పాలిపోయి వణుకుతున్న ఒక ప్రాణి.

"రాజుగారివైతే నొక్కి చూపించు," అని ఒక గప్పీ తోక చాపింది.

వీర్రాజు బలమంతా పెట్టి నొక్కాడు. డెక్క మడతపడింది.

"చక్కిలిగింతగా ఉంది," అంది గప్పీ.

అందరూ పగలబడి నవ్వారు. వీర్రాజు కనకయ్య దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"అది ఖాళీదని నీకు తెలుసు."

"తెలుసు. ముందు నీకు తెలుసు," అన్నాడు కనకయ్య అంతే మెల్లగా. "చెప్పేయమంటావా? మూడు రోజులు డొల్లకి దండం పెట్టించింది నువ్వేనంటే వీళ్ళు నవ్వి ఊరుకుంటారా? నీ ఒళ్ళు చూసుకుని మాట్లాడు."

వీర్రాజు తన ఒళ్ళు చూసుకుని మోటారు వెనక్కి జరిగాడు.

ఆ సాయంత్రమే సత్తిబాబు తొట్టి కడగడానికి వచ్చి, కదలని డొల్లని చూశాడు. నీళ్ళలో చెయ్యి పెట్టి పైకి తీశాడు.

"పీతరొయ్య పోయినట్టుందే," అన్నాడు పెళ్ళాంతో.

"అయ్యో, మొన్నటిదాకా బానే ఉందిగా," అంది మల్లీశ్వరి. "రోడ్డు మీద పడెయ్యకు. కరివేపాకు కుండీలో పెట్టు."

వీర్రాజు మోటారు వెనక నుంచి తన బలం కరివేపాకుకి పోవడం కళ్ళారా చూశాడు. తొట్టిలో అందరూ ఒక పూట మేత ముట్టకుండా రాజుగారి కోసం ఏడ్చారు. ఆనక కనకయ్య మట్టి గొట్టంలో దూరాడు. లావుగా ఉన్నాడేమో, సగమే పట్టాడు. అయినా బాగుందన్నారు.

"ఇప్పుడేం చెయ్యను మామ్మా?" అన్నాడు వీర్రాజు.

"నాచు తిను, బతికుంటావు. గట్టిపడాలంటే నేను పోయేదాకా ఆగు, నా పెంకు తిందువుగాని," అంది నత్తమామ్మ. "ఇప్పట్లో పోయే ఉద్దేశం నాకు లేదు."

మర్నాడు మేత పడింది. వీర్రాజు మెత్తని డెక్కల మధ్య మొదటి గింజ పట్టుకుని, వరసలో చివర నిలబడి, కనకయ్య ముందు పెట్టి తిరగబోయాడు.

"అలా కాదు," అంది వెనక నుంచి గప్పీ. "తల వంచి, వెనక్కి ఈదాలి. ఇక్కడి పద్ధతి తెలీదా?"

వీర్రాజుకి తెలుసు. తల వంచి, వెనక్కి ఈదుకుంటూ పోయాడు. అందరికంటే బాగా ఈదాడని గప్పీలు మెచ్చుకున్నాయి.

నీతి: బలాన్నిచ్చేదాన్ని బడాయికి నిలబెట్టినవాడు చివరికి ఆ బడాయి ముందే తల వంచాలి.