కుండెడు నీలి

గురువుగారి పెరట్లో శోభనాద్రి బట్టకి వేసిన నీలిరంగు ఎన్ని ఉతుకులు ఉతికినా దిగలేదు. ఇంకేం, కుర్రాడికి కళ్లు నెత్తికెక్కాయి.

వాళ్లది అద్దకం పేట. అక్కడ అద్దకంవాళ్ల సంఘం ఇంట్లో ఒక నీలితొట్టి ఉంది. తాతలనాటినుంచి దాన్ని చావనివ్వలేదు. నీలి కూడా పెరుగులాంటిదే, తోడు ఉండాలి. ఎవరి తొట్టి చచ్చినా అక్కడినుంచే కుండెడు తెచ్చుకుంటారు. ప్రతి అమావాస్యకీ అందరూ తమ తొట్లలోంచి తలో కుండా తెచ్చి అందులో పోసి, కొత్తగా ఏం చేసి చూశారో అక్కడే చెప్పేస్తారు.

ఆ అమావాస్యకి శోభనాద్రి గురువుగారి తరఫున కుండ పోశాడు గానీ నోరు విప్పలేదు. పేటలోనే అద్దకం వేసే నాంచారమ్మ పాపం అడిగింది కూడా.

"నా బట్ట వెలిసిపోతోందని తిప్పి పంపేస్తున్నారు అబ్బాయ్. నువ్వేం కలిపావు?"

"ఏం లేదు పిన్నీ, పాత పద్ధతే."

మర్నాడు శోభనాద్రి తన గురువు దస్తగిరితో అన్నాడు: "సొంతంగా తొట్టి పెట్టుకుంటానండీ. నలభై చీరలకి మాటిచ్చాను. నాకింక సంఘంతో ఏం పని?"

"పెట్టుకో. సంఘంతో పని లేదన్నావుగా, దాని తోడు మాత్రం వెయ్యకు," అన్నాడు దస్తగిరి.

తోడు లేకుండానే కొత్త తొట్టిని పదిహేను రోజులు కలియబెట్టాడు, వెచ్చబెట్టాడు. కంపు వచ్చింది గానీ రంగు రాలేదు. చీరలకిచ్చిన గడువు ఇంక వారమే. మాట తప్పితే మళ్లీ అతనికి చీర ఇచ్చేదెవరు?

"మీ తొట్టిలోంచి ఒక్క కుండెడు ఇప్పించండి," అని గురువుగారి ముందు నిలబడ్డాడు. దస్తగిరి ఖాళీ కుండ అతని చేతిలో పెట్టి, సంఘం ఇంటివైపు చూపించాడు.

తొట్టి దగ్గర ఆ వారం వంతు నాంచారమ్మది. ఆవిడ కుండ నిండా ముంచి ఇచ్చింది.

"చచ్చిందా నాయనా? ఫర్లేదు, అందరికీ జరిగేదే."

తిట్టినా బాగుండేది. గుమ్మందాకా వెళ్లి, అడుగు పడక వెనక్కి వచ్చాడు.

"పిన్నీ, ఆ రోజు అబద్ధమాడాను. నేను కలిపింది..."

"ఖర్జూరం. మీ గురువుగారి గోడ పక్కన గింజలు కుప్పగా ఉంటేనూ, చూశాను."

"మరి... వాడలేదా?"

"అయ్యో, నువ్వు చెప్పందే ఎలా వాడతాను?"

శోభనాద్రి సిగ్గుతో చచ్చిపోయాడు. కుండ కిందపెట్టి, ఆవిడ ముందు కూలబడి, ఎన్ని పళ్లు, ఎంతసేపు నానాలో తలెత్తకుండా చెప్పడం మొదలుపెట్టాడు.