మడుగులో దొరగారి కత్తి

వెనకటికి ఓ ఊళ్ళో దొంగతనం నింద పడిన మనిషి పనిముట్టుని మడుగులో వేసేవారు. తేలితే మంచోడు. మునిగితే దొంగ, ఊరొదిలి పోవాల్సిందే. ఆ తీర్పు చెప్పడమంటే దొరగారికి మహా గర్వం.

ఓసారి దొరగారి వెండి చెంబు పోయి, నింద కమ్మరి గవరయ్య మీద పడింది. అతని సుత్తిని మడుగులో వేస్తే బుడుంగున మునిగింది. జనమంతా చూస్తుంటే గవరయ్య సిగ్గుతో చితికిపోయాడు. అతని పెళ్ళాం ఏడుస్తూ మూట కట్టుకోడానికి ఇంటికెళ్ళింది.

"ఎల్లిపోతాను దొరా," అన్నాడు గవరయ్య మెల్లిగా. "మంచోళ్ళ పనిముట్టు ఎలా తేలుద్దో ఒక్కసారి చూసి పోతాను. తమరి కత్తి వెయ్యండి."

కాదంటే పరువు పోతుందని దొర కత్తి వేశాడు. అదీ సుత్తి దగ్గరికే పోయింది.

ఎవరూ నవ్వలేదు. అది దొరకి మరీ కష్టంగా అనిపించింది.

"జాలరోళ్ళ తెడ్డు చెక్క కాబట్టి తేలుద్ది దొరా. మనిద్దరిదీ ఇనుము," అన్నాడు గవరయ్య.

దొరకి కిందటేడు తను వెళ్ళగొట్టిన మంగలి సూరన్న గుర్తొచ్చాడు. అతని కత్తీ ఇలాగే మునిగింది.

దొర తనే నడుం లోతు నీళ్ళలో దిగి, తడిమి తడిమి ముందు సుత్తి తీసిచ్చాడు.

"సూరన్న ఇప్పుడు ఏ ఊళ్ళో ఉన్నాడు గవరయ్యా?" అనడిగాడు, తలెత్తకుండానే.